గొంతు ఉండగానే



ఈ మధ్య నలుగురైదుగురు ఒకే మాట అడిగారు. "అయ్యగారూ, మా అమ్మ గొంతు రికార్డు చేసి పెట్టుకుందామని ఉంది. ఫోన్లో చేస్తే ఫ్యాను మోత, బళ్ళ మోత తప్ప మాట తెలియట్లేదు. ఎలా చేయాలి?" అని. కూడికల్లో పాటలు రికార్డు చేయడానికి నా దగ్గర రెండు మైకులు పెట్టుకునే చిన్న మిక్సర్ ఉంది. చేతిలో పట్టేంత పెట్టె. పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, మెమరీ కార్డులోకి తనే రికార్డు చేస్తుంది. దానితో పని చేసి తెలుసుకున్నది మీకు చెబుతాను.

పోయిన ఏడాది పక్క ఊరి పెద్దాయన ఒకరికి గొంతు క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఆపరేషన్ అయ్యాక మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. దేవుడిచ్చిన సొంత గొంతు ఇక ఉండదు. నాలుగు రోజులు గడువుందనగా, మిక్సర్ పట్టుకుని రమ్మని ఆయన నాకు కబురు పెట్టారు. కువైట్‌లో ఉన్న కూతురికి నాలుగు మాటలు దాచిపెట్టాలని ఆయన కోరిక.

వెళ్ళగానే మిషను బయటికి తీయలేదు. ముందు ఆ ఇంట్లో కూర్చుని విన్నాను. ఫ్రిజ్ గుర్రుమంటోంది, ఫ్యాను తిరుగుతోంది, బయట కోళ్ళు. ఫ్రిజ్, ఫ్యాను ఆపించాం. కోళ్ళను ఉండనిచ్చాం, అవి ఆ ఇంటివే. గచ్చు గదిలో మాట మారుమోగుతుంటే మంచం మీద బొంతలు పరిచి, వెనక గోడకు దుప్పటి కట్టాం. మిక్సర్‌లో ఏ మీట తిప్పినా ఇంత మేలు జరగదు.

ఆయన గొంతు అప్పటికే గాలిలా, బొంగురుగా వస్తోంది. ఇలాంటప్పుడు గెయిన్ పెంచేద్దామని అనిపిస్తుంది. గెయిన్ పెంచితే గొంతుతో పాటు గదిలో మోత కూడా పెరుగుతుంది. మైకునే దగ్గరికి జరపాలి. నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం పెరగదు. జానెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కగా, స్పాంజి తొడుగు వేసి పెట్టాను. పక్కగా పెడితే "ప", "బ" అన్నప్పుడు గాలి దెబ్బ తగలదు. 80 హెర్ట్జ్ దగ్గర లోకట్ వేశాను. మామూలుగా మాట్లాడించి మీటరు మైనస్ 12 దగ్గర ఆడేలా, ఎంత పెరిగినా మైనస్ 6 దాటకుండా గెయిన్ పెట్టాను.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సన్నగా "జూం" అని మోత. ఇలాంటప్పుడు అన్ని మీటలూ ఒకేసారి తిప్పకూడదు. మైకు నుంచి కార్డు దాకా వరసగా, ఒక్కొక్కటే మార్చి వినాలి. కేబుల్ మార్చాను, పోలేదు. రెండో నోటికి పెట్టాను, పోలేదు. గోడకున్న అడాప్టర్ పీకి సెల్స్ మీద నడిపాను, పోయింది. ఎర్త్ సరిగా లేని ఇళ్ళలో కరెంటు మోత ఇలాగే వస్తుంది. అందుకే కొత్త సెల్స్ ఎప్పుడూ సంచిలో ఉండాలి. "టకటకటక" అని వస్తే అది పక్కనున్న ఫోను పని, దూరంగా పెట్టండి. అసలు శబ్దమే రాకపోతే మైకు కండెన్సర్ రకమేమో చూడండి. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేయాలి. మరీ సన్నగా వస్తుంటే ఆ నోరు మైకుకు కాక లైన్‌కు పెట్టి ఉందేమో చూడండి.

పది నిమిషాలు మాట్లాడి ఆయన అలిసిపోయారు. దగ్గు వచ్చింది. ఆపుదామా అని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపారు. "అయ్యగారూ, సాక్ష్యం చెప్పాను, బుద్ధులు చెప్పాను. ఇవి ఎవరైనా చెబుతారు. దాన్ని చిన్నప్పుడు చెరువుగట్టు మీద నుంచి అన్నానికి పిలిచేవాణ్ణి. ఆ పిలుపు నాది" అన్నారు. నేను సరేననేలోపే ఉన్న బలమంతా కూడదీసుకుని కూతుర్ని ముద్దుపేరుతో పిలిచారు. మీటరు ఎర్రబడింది. కొన్ని మిక్సర్లలో అదే మాటను 12 డెసిబెల్స్ తక్కువగా ఇంకో ఫైలులో దాచే ఏర్పాటు ఉంటుంది. దాన్ని మొదటే వేసి ఉంచాను. మొదటి ఫైలులో ఆ పిలుపు పగిలిపోయింది. రెండో దానిలో చెక్కుచెదరకుండా ఉంది.

నూరేళ్ళ కిందట జార్జ్ గ్రియర్సన్ అనే ఆయన ఈ దేశపు భాషలు చాలావాటిని సర్వే చేయించాడు. నమూనాగా జనంతో ఎక్కువగా చెప్పించింది తప్పిపోయిన కుమారుడి కథే. ఆ సర్వేలో భాగంగా గ్రామఫోన్ రికార్డులూ చేయించారు. వాటిలో చాలావాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినవచ్చు. అందరికీ తెలిసిన ఆ కథ కోసం వాటిని ఎవరూ వినరు, చెప్పిన మనిషి యాస కోసం, ఊపిరి కోసం వింటారు. సమాధి దగ్గర ఏడుస్తున్న మగ్దలేనే మరియ తోటమాలి అనుకున్నాయన్ని దేనితో గుర్తుపట్టింది? ఆయన తనను పేరు పెట్టి పిలవడంతోనే కదా.

అందుకని మీరు రికార్డు చేసేటప్పుడు దగ్గు, నవ్వు, మధ్యలో ఆగిపోవడం కోసేయకండి. మొదట్లోనే తేదీ, ఊరు, పేరు చెప్పండి. చివర అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని కూడా పట్టండి, తర్వాత మోత తీసేటప్పుడు పనికొస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా పెట్టుకుంటే రెండు మైకులకు గంటకు సుమారు 1 జీబీ పడుతుంది, అంతే. అసలు ఫైలును మూడు చోట్ల దాచండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాణ్యత తగ్గవచ్చు, దాన్నే అసలు అనుకోకండి.

పెద్దాయన ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు పలక మీద రాసి మాట్లాడతారు. ఆ పిలుపు కూతురి ఫోనులో ఉంది.

మిక్సర్ కావలసినవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను అడగండి, తీసుకెళ్ళి వాడుకుని ఇవ్వండి. పంట చేతికి వచ్చాకనో, పండక్కి అందరూ వచ్చాకనో చేద్దామని మాత్రం ఆగకండి.