నడుము కొలతయు మూత్రపిండములలోని ఱాళ్లును

మన భాషలో స్త్రీ శరీరమునుగూర్చి చెప్పు మాటలు రెండు విధములుగా నున్నవి. క్రొత్తగా కాపురమునకు వెళ్లి పుట్టింటికి వచ్చిన పిల్లను చూచి పెద్దవారు “కాస్త ఒళ్లు చేసినది, కాపురము చల్లగా నున్నది” అని సంతోషింతురు. పదియేండ్లు గడచిన పిమ్మట ఆ పిల్లనే చూచి “ఎంత లావెక్కినదో!” అని నవ్వుదురు. ఒకటి మెప్పు, రెండవది ఎగతాళి. ఈ రెండు మాటలును కంటికి కనబడు ఆకారమును చెప్పునే గాని, లోపల క్రొవ్వు ఎచ్చట చేరినదో చెప్పవు. క్రొవ్వు ఎంత యున్నదో తెలిసికొనుటతోబాటు, అది ఎచ్చట నున్నదో తెలిసికొనుటయు ముఖ్యమని వైద్యులు చెప్పుచున్నారు. మధుమేహమునుగూర్చియు గుండెజబ్బునుగూర్చియు ఈ మాట మనము వినియే యున్నాము. మూత్రపిండములలో పుట్టు ఱాళ్లకును ఈ క్రొవ్వునకును సంబంధము గలదని వినినవారు మాత్రము మనలో అరుదు.

ఈ విషయమును నేను విచారించి తెలిసికొనుటకు మా పెద్ద తోడికోడలు కారణము. ఆమెను నేను అక్కయ్య యని పిలుతును. ఆమె యనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను. అక్కయ్యకు నలువదియాఱేండ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. చేతులును ముఖమును సన్నగా నుండును. మా యింట ఎవరు లావు అని అడిగినచో ఆమె పేరు ఎవరును చెప్పరు. వైశాఖమాసములో మా యింట పెండ్లి జరుగుచుండగా ఆమెకు వెన్నున ప్రక్కటెముకల క్రింద నొప్పి మొదలై, డొక్కమీదుగా గజ్జలోనికి దిగెను. కూర్చుండిన లేవలేక, పండుకొనిన నిలువలేక బాధపడెను. వేడి చేసినదని ఒకరు మజ్జిగ యిచ్చిరి, వాయువని ఒకరు వాము నూరి యిచ్చిరి. మూత్రము ఎఱ్ఱగా వచ్చుచున్నదను మాట మాత్రము ఆమె రెండు దినములు ఎవరితోను చెప్పలేదు. “ఇంటినిండ చుట్టములు, మగవారు, ఈ మాట ఎట్లు చెప్పుదును?” అని తరువాత అనెను.

మూడవనాడు చలితో జ్వరము వచ్చుటచే పట్టణమునకు తీసికొనిపోతిమి. అల్ట్రాసౌండు పరీక్షలో మూత్రనాళమునకు అడ్డముగా ఒక ఱాయి యున్నదనియు, పైనున్న మూత్రపిండము వాచి చీము పట్టుచున్నదనియు తెలిసినది. ఆ రాత్రియే లోపల సన్నని గొట్టము పెట్టి మూత్రమునకు దారి చేసిరి. ఱాయి అడ్డుపడి జ్వరము వచ్చినప్పుడు విషము రక్తమున కెక్కి ప్రాణాపాయము కలుగుననియు, మఱియొక దినము ఆలస్యమైనచో ఏమగునో చెప్పలేమనియు డాక్టరమ్మ చెప్పినది. కొన్ని వారముల పిమ్మట ఱాయిని పగులగొట్టి తీసి పరీక్షింపగా అది యూరిక్ ఆమ్లముతో కట్టిన ఱాయి యని తేలినది. అప్పుడు డాక్టరమ్మ టేపు తీసికొని అక్కయ్య నడుము కొలిచినది. 92 సెంటీమీటర్లు! రక్తపరీక్షలో చక్కెరయు హెచ్చుగా నున్నది. “లావుగా లేదు గదా, ఈమెకేల వచ్చినది?” అని మా అత్తగారు అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

ఱాయి యెట్లు పుట్టునో తెలియుటకు మన వంటయింటి దృష్టాంతమే చాలును. చిక్కని చక్కెరపాకములో దారము వ్రేలాడదీసి కదలింపక యుంచినచో దారముచుట్టును పటికబెల్లపు పలుకులు కట్టును. పాకము పలుచనైనచో కట్టవు. మూత్రమును అట్టిదే. రక్తమునుండి మూత్రపిండములు వడగట్టిన లవణములు అందు కరగి యుండును. నీరు తగ్గినను, లవణములు హెచ్చినను, అవి పలుకులుగా విడిపోయి ఒకదానిపై నొకటి పేరుకొనును. ఱాళ్లలో హెచ్చు భాగము కాల్షియము, అనగా సున్నపు ధాతువు, ఆక్సలేటుతో కూడుటచే కలుగునవి. నూటికి సుమారు పది యూరిక్ ఆమ్లపు ఱాళ్లు. ఈ యూరిక్ ఆమ్లమునకు ఒక గుణము గలదు. మూత్రము మిక్కిలి పులుపుగా నున్నచో అది కరగదు. పులుపును కొలుచు పీ.హెచ్. అను మానములో అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. ఆ అంకె 5.5కు దిగినచో యూరిక్ ఆమ్లము పలుకులు కట్టుటకు సిద్ధముగా నుండును.

ఇక క్రొవ్వు చేయు పని యేమి? చర్మముక్రింద, తొడలమీద నుండు క్రొవ్వు కొంత సాధువైనది. ప్రేవులచుట్టును కాలేయముచుట్టును చేరు లోక్రొవ్వు అట్టిది కాదు. అది మూటగట్టి యుంచిన ధాన్యమువలె ఊరకుండక, కొన్ని పదార్థములను రక్తములోనికి విడుచుచు, ఇన్సులిను చెప్పిన మాట శరీరము విననట్లు చేయును. మూత్రపిండముకూడ ఇన్సులిను మాట వినవలసిన అవయవమే. శరీరములోని ఆమ్లములను విఱుచుటకు అది అమోనియాను తయారుచేయుచుండును. ఇన్సులిను పలుకుబడి తగ్గినప్పుడు ఆ తయారు తగ్గును, మూత్రము పులియును. ఇంతియేకాదు, స్థూలకాయుల మూత్రములో ఆక్సలేటు, యూరిక్ ఆమ్లము మున్నగునవి హెచ్చుగా పోవుటయు కనబడినది. కావున చేతులు సన్నగా నున్నను నడుములో క్రొవ్వు చేరినవారికి ఱాయి వచ్చుట వింత కాదు.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 1,95,000కు పైగా నర్సులను, సుమారు 46,000 మంది పురుష వైద్యవృత్తులవారిని అనేక సంవత్సరములు కనిపెట్టి చూచి, వచ్చిన ఫలితమును 2005లో ప్రకటించిరి. బరువు 68 కిలోలకు లోపలనున్న స్త్రీలకంటె 100 కిలోలు దాటిన స్త్రీలకు ఱాళ్లు వచ్చుట ఇంచుమించు రెండింతలుగా నుండెను. అదే తూకములలో పురుషులకు హెచ్చినది నూటికి 44 వంతులు మాత్రమే. పదునెనిమిదేండ్ల ప్రాయమునుండి 16 కిలోలు పెరిగిన స్త్రీలలో, పెద్దవయసు తరగతికి నూటికి 70 వంతులు, చిన్నవయసు తరగతికి 82 వంతులు హెచ్చు అపాయము కనబడెను. నడుము కొలత పెరిగినకొలదియు అట్లే. మొత్తముమీద ఱాళ్లు మగవారికే హెచ్చుగా వచ్చును. అమెరికాలో 2007–2010 నడుమ జరిగిన పరిశీలనలో పురుషులలో నూటికి 10.6 మందికి, స్త్రీలలో 7.1 మందికి ఱాళ్లు వచ్చినట్లు తేలినది. ఐనను, క్రొవ్వు పెరుగుటవలన కలుగు నష్టము స్త్రీలకే హెచ్చుగా కనబడినందున, ఇది మగవారి జబ్బని మనము నిశ్చింతగా నుండ తగదు.

ఆ లెక్కలు అన్యదేశపువారివి, బరువులును వారివే. మన శరీరములకు మఱియొక చిక్కు గలదు. పుణెలోని యాజ్ఞిక్ అను వైద్యుడును, యుడ్కిన్ అను ఆంగ్ల వైద్యుడును తమ శరీరములనే పోల్చి చూచుకొని 2004లో ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువును తెలుపు సూచిక ఇద్దరికిని 22.3. కాని శరీరమున క్రొవ్వు ఆంగ్లేయునకు నూటికి 9.1, మన వైద్యునకు 21.2! చూపునకు సన్నము, లోపల క్రొవ్వు. ఇది భారతీయులలో తఱచుగా కనబడు లక్షణము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆ సూచిక 25 లేక అంతకు మించిన స్త్రీలు దేశమున నూటికి 24 మంది, ఆంధ్రప్రదేశమున 36 మంది, తెలంగాణమున 30 మంది. తూకము విడిచి నడుమునకును పిరుదులకును గల నిష్పత్తిని చూచినచో, దేశమున నూటికి సుమారు 57 మంది స్త్రీలు అపాయపు గీత దాటి యున్నారు. త్రాసు చూడనిదానిని టేపు చూచుచున్నదని దీని యర్థము.

కొలుచుట సులభము. నిలువబడి, అన్నిటికంటె క్రింది ప్రక్కటెముకకును తుంటి యెముక పైయంచునకును నడిమిభాగమున, ఊపిరి విడిచిన పిమ్మట, పొట్ట లోనికి లాగుకొనక టేపు చుట్టవలెను. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు నిర్ణయించిరి. కాన్పులైన పిమ్మట పొట్ట ఇట్లే యుండునని సరిపెట్టుకొనక, ఏటేట కొలిచి వ్రాసికొనుట మంచిది.

ఇక ఇంట చేయదగినవి. మొదటిది నీరు. ఇటలీలో ఒకమాఱు ఱాయి వచ్చిన 199 మందిని ఐదేండ్లు కనిపెట్టిన పరిశోధన 1996లో వెలువడినది. దినమునకు రెండు లీటర్లు మూత్రము వచ్చునంత నీరు త్రాగినవారిలో నూటికి 12 మందికి, అట్లు త్రాగనివారిలో 27 మందికి మరల ఱాళ్లు వచ్చెను. ఇంతటి చవుకైన మందు మఱియొకటి లేదు. ఐనను మన స్త్రీలే దీనిని తక్కువగా వాడుదురు. పొయ్యి వేడికి చెమటపట్టుదుము, అందఱకు వడ్డించి చివర కూర్చుందుము. బస్సు ప్రయాణమనిన ముందునాటినుండియే నీరు మానుదుము. ఏలయన దారిలో మరుగుదొడ్డి యుండునో లేదో! ఇది స్త్రీల యశ్రద్ధ కాదు, వారికి కల్పింపని సదుపాయము. పాఠశాలకు పోవు ఆడపిల్లల విషయములోనైనను తల్లులు ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను. మూత్రము లేతరంగున నున్నచో నీరు చాలినట్లు. ముదురు పసుపైనచో చాలనట్లు. గుండెజబ్బుగాని, మూత్రపిండముల బలహీనతగాని యున్నవారు మాత్రము వైద్యుని అడిగియే నీరు పెంచవలెను.

రెండవది ఉప్పు. ఉప్పు హెచ్చినకొలది మూత్రములో సున్నపు ధాతువు హెచ్చును. ఆవకాయ, ఊరుమిరప, అప్పడము మూడును ఒకే విస్తరిలో నుండ నక్కఱలేదు. మూడవది, ఱాయి సున్నముతో కట్టునని పాలు, పెరుగు మానుట తగదు. అన్నముతో తిన్న పెరుగులోని కాల్షియము ఆక్సలేటును ప్రేవులలోనే పట్టి బయటికి పంపును. 2002లో ప్రకటించిన ఇటలీ పరిశోధనలో కాల్షియము తగ్గించిన అరువదిమంది పురుషులలో 23 మందికి, దానిని తగినంత తినుచు ఉప్పును మాంసమును తగ్గించిన అరువదిమందిలో 12 మందికి మాత్రమే ఐదేండ్లలో ఱాళ్లు మరల వచ్చెను. పాలకూర, తోటకూరలలో ఆక్సలేటు హెచ్చు. ఱాయి వచ్చినవారు వానిని మితముగా, పెరుగుతో కలిపి తినవలెను. నిమ్మరసములోని సిట్రేటు ఱాయి కట్టకుండ అడ్డుపడును. చక్కెర వేయక త్రాగుట మేలు. ఉలవకట్టు, అరటిదూట, కొండపిండికూర పెద్దలు చెప్పిన పథ్యములు. ఆహారముగా తిన వచ్చును. జ్వరము వచ్చినప్పుడు వానిని నమ్మి ఇంట కూర్చుండరాదు.

నడుము తగ్గింపవలెనని ఉపవాసములకు దిగుటయు ప్రమాదమే. అన్నము పూర్తిగా మాని మాంసము, గ్రుడ్లు మాత్రమే తిని త్వరగా చిక్కువారి మూత్రము మఱింత పులియును. పొట్టను కుదించి ప్రేవును మళ్లించు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో కొందఱకు ఆక్సలేటు ఱాళ్లు క్రొత్తగా వచ్చుట కలదు. మెల్లమెల్లగా, అన్నపు రాశి తగ్గించి, పప్పు కూరలు పెంచి, దినమును అరగంటకు తక్కువ గాకుండ వడిగా నడచుటయే రాజమార్గము. అక్కయ్య ఈ విధముగా ఎనిమిది నెలలలో నాలుగు కిలోలు మాత్రమే తగ్గినది. కాని నడుము 92నుండి 86కు దిగినది, చక్కెరయు చాలవఱకు కుదుటపడినది. పులుపు విఱుచుటకు పొటాషియం సిట్రేటు మందు డాక్టరమ్మ చెప్పినంతకాలము వాడినది.

సోదరీమణులారా! ఇంటిలో ఎవరి నడుమునుగూర్చియు ఎగతాళి చేయనీయకుడు. ఎగతాళికి వెఱచినవారు టేపు ముట్టరు, వైద్యునియొద్దకు పోరు. అట్లే డొక్కలో పొడుచు నొప్పి, మూత్రమున రక్తము, దానితో జ్వరము ఇవి సిగ్గుపడి దాచవలసినవి కావు. ఇంటినిండ చుట్టములున్నను, మగవారున్నను, ఆ క్షణమే నోరు విప్పి చెప్పవలసినవి. ఈ మాటను మీ కోడండ్రకు, కూతుండ్రకు చెప్పుడు. మీ యింటి మగవారికిని వినిపింపుడు. ప్రతి యింటను కుట్టుపెట్టెలో టేపు ఉండియే యుండును. రవికె కొలతకు దానిని తీసిననాడే నడుముకూడ ఒకమాఱు కొలిచికొనినచో, ఎన్నో నొప్పులు రాకముందే తెలియును.