సైకిలు మీద శ్రీకాకుళం

చలిదేశాలలో సెలవులిస్తే అందరూ కుంపటి చుట్టూ చేరి కూర్చుంటారని మనం అనుకుంటాము. కూర్చోని వాళ్ళు కూడా ఉన్నారు. ఇంగ్లండులో సైకిలు తొక్కేవారికి దుస్తులు తయారుచేసే రాఫా అనే కంపెనీ ఒకటి ఉన్నది. అందులో పనిచేసే గ్రేమ్ రేబర్న్ అనే డిజైనరు 2009లో క్రిస్మసు సెలవుల రోజులలో వెయ్యి కిలోమీటర్లు సైకిలు తొక్కాడు. మరుసటి ఏడు, అంటే 2010లో, కంపెనీవారు ఆ దూరాన్ని సగానికి తగ్గించి లోకానికంతకూ ఒక సవాలుగా పెట్టారు. డిసెంబరు 24వ తేదీ మొదలు 31వ తేదీ వరకు, ఎనిమిది రోజులలో అయిదు వందల కిలోమీటర్లు తొక్కాలి. ఏ దేశంలో తొక్కినా సరే. గెలిచేవాడు లేడు, ఓడేవాడూ లేడు. పూర్తిచేసిన వారికి బహుమానంగా చాలా ఏళ్ళపాటు ఒక గుడ్డ బిళ్ళ పంపేవారు. ఆ జానెడు గుడ్డ కోసం మంచు పట్టిన రోడ్ల మీద వేలమంది ప్రాణాలకు తెగించి తిరుగుతూ ఉంటారంటే మా ఆవిడ నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్లు లేదు.

ఈ కబురు మా ఇంటికి మోసుకొచ్చినది మా అమ్మాయి. లీడ్స్‌లో చదువుకుంటున్నది. అక్కడ డిసెంబరు చివర సూర్యుడు ఎనిమిది దాటితేగాని ఉదయించడు. నాలుగు కొట్టకముందే అస్తమిస్తాడు. ఆ కాస్త వెలుగులో, వానలో, చేతివేళ్ళు కొంకర్లు పోతూ ఉంటే 2022లో తానూ ప్రయత్నించి, ఆరోనాడు జ్వరం వచ్చి మానుకున్నది. 2023లో సెలవులకు విజయవాడ వచ్చినప్పుడు, సామాను విప్పకముందే మాట బయటపెట్టింది.

"నాన్నా! ఇక్కడినుంచి శ్రీకాకుళం సుమారు అయిదు వందలే. నాన్నమ్మ దగ్గరికి సైకిళ్ళ మీద వెళదాం."

నాకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. రోజూ తెల్లవారుజామున కాలవగట్టు వెంట పదిహేను కిలోమీటర్లు తొక్కే అలవాటున్నది. ఎనిమిది రోజులకు పంచితే రోజుకు అరవై రెండున్నర వస్తుంది. కాగితం మీద చూస్తే పెద్ద లెక్క కాదు. మా ఆవిడ మాత్రం, "పెళ్ళి కావలసిన పిల్లను లారీల మధ్య తిప్పుతారా?" అన్నది. శ్రీకాకుళంనుంచి మా అమ్మ టెలిఫోనులో అంతకంటే గట్టిగానే అన్నది. నిజానికి ఆవిడకు సైకిలు కొత్త కాదు. మా నాన్నగారు బడిపంతులు. ముప్పై ఏళ్ళు రోజూ పన్నెండు కిలోమీటర్లు వెళ్ళి పన్నెండు కిలోమీటర్లు వచ్చేవారు. సాయంత్రం వీధి మలుపులో ఆయన బెల్లు వినిపిస్తే మా అమ్మ లేచి పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ లెక్కన ఆయన ఇరవై ఒక్క రోజులకొకసారి అయిదు వందలు తొక్కేవారు. ఎవరూ బిళ్ళ పంపలేదు.

చివరకు ఒక ఒప్పందం కుదిరింది. చీకటి పడ్డాక చక్రం తిరగరాదు. రోజూ రెండుసార్లు ఫోను చేయాలి. మా ఆవిడ 30వ తేదీన రైలులో శ్రీకాకుళం చేరి మా కోసం ఎదురుచూస్తుంది.

ముక్కోటి ఏకాదశి వెళ్ళిన మర్నాడు, డిసెంబరు 24న, ఉదయం ఆరింటికి బయలుదేరాము. ధనుర్మాసం కదా, ముగ్గులు అప్పుడే పూర్తయినాయి. గుడి మైకులలో తిరుప్పావై వినవస్తున్నది. ఇంగ్లండువారికి శీతకాలం శత్రువు. మనకు సైకిలు తొక్కడానికి దేవుడిచ్చిన కాలం అదొక్కటే. ఏప్రిల్‌లో ఈ పని తలపెట్టేవాడిని ఆస్పత్రికి తీసుకుపోవాలి.

గన్నవరం దాటాక సర్వీసు రోడ్డు పొడవునా ధాన్యం ఎండబోసి ఉన్నది. ఆ నెల 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు కోతకొచ్చిన వరి పడిపోయి, నీళ్ళలో నానింది. గింజ రంగు మారింది. ఒక ముసలావిడ చేత్తో తిరగేస్తూ ఉంటే మా అమ్మాయి దిగి, సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. "ఫరవాలేదులే అమ్మా, నీ చక్రం కిందపడితే నలిగేవి నాలుగు గింజలేగా. వానకు పోయినవి ఎన్నో!" అన్నదావిడ. ఆ రోజు ఏలూరు చేరేసరికి 62 అయింది. కాళ్ళు బాగానే ఉన్నాయి. నొప్పంతా సీటు తగిలే చోట. ఆ సంగతి ఇంతకంటే విపులంగా రాయడానికి వీలులేదు.

మర్నాడు క్రిస్మసు. ఏలూరునుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు కొల్లేటి మీదుగా పోతుంది. ఉదయం ఏడింటికి మంచు ఎంత దట్టంగా ఉన్నదంటే ముందు వెళుతున్న అమ్మాయి సైకిలు వెనక ఎర్రదీపం తప్ప ఏమీ కనబడలేదు. నీళ్ళు ఎక్కడ మొదలైనాయో తెలియదు. రెక్కల చప్పుడు మాత్రం వినబడుతున్నది. మంచు విడేసరికి రెండు ప్రక్కలా పక్షులు! ఆటపాక దగ్గర గూడబాతులు గుంపులు గుంపులుగా చేరి ఉన్నాయి. కొల్లేరు 2002నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలల పట్టికలో ఉన్నది. చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయని 2006లో గట్లు తెగగొట్టారు. అక్కడి బీదజనం బ్రతుకుతెరువూ వాటితోపాటు తెగిందన్న వాదమూ ఉన్నది. సైకిలు మీద పోయేవాడు తీర్పు చెప్పగల విషయం కాదిది. పక్షులకూ మనుషులకూ ఆ నీరే ఆధారమన్నది మాత్రం కళ్ళకు కనబడుతుంది.

ఆకివీడు దారిలో ప్రతి పేటలోనూ ఇంటిపైన కాగితపు నక్షత్రం వేలాడుతున్నది. ఒక చర్చి ముందు ఆరాధన ముగించుకుని వస్తున్నవారు మమ్మల్ని ఆపి కేకు ముక్కలు పెట్టారు. "పండగపూట దారిన పోయేవాళ్ళు ఉత్తచేతులతో పోకూడదండి," అన్నాడొక పెద్దాయన. ఆ రాత్రి భీమవరంలో మజిలీ.

పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కితే కోనసీమ. గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలై సముద్రంలో కలుస్తుందని చిన్నప్పుడు భూగోళంలో చదివాము. సైకిలు మీద వెళితే ఆ పాఠం మోకాళ్ళకు ఎక్కుతుంది. మొదట వశిష్ఠ, తరువాత వైనతేయ, ఆ మర్నాడు ఎదుర్లంక దగ్గర గౌతమి. ప్రతి పాయకూ ఒక పొడుగాటి వంతెన, ప్రతి వంతెనకూ ఒక ఎక్కుడు. కారులో పోతే మూడూ ఒక్కలాగే ఉంటాయి.

కోనసీమలో మాకు ఆకలి తెలియలేదు. తేగలు, కొబ్బరినీళ్ళు, అడిగినా అడగకపోయినా కబుర్లు. అంబాజీపేట దారి చూపిస్తూ ఒకాయన మాతోపాటు ఏడెనిమిది కిలోమీటర్లు వచ్చాడు. ఆయన సైకిలు కారియరుకు రెండువైపులా కొబ్బరికాయల గెలలు. నా అంచనాలో అరవై కిలోలకు తక్కువుండవు. మా గేర్ల సైకిళ్ళ ప్రక్కన ఆ నల్లటి పాత సైకిలు కిర్రుకిర్రుమంటూ ఏమాత్రం వెనకబడకుండా వచ్చింది.

"ఎక్కడిదాకా అండి?"

"శ్రీకాకుళం."

"బస్సులు లేవాండి?"

"ఉన్నాయి."

ఆయన కాసేపు ఆలోచించి, "మొక్కు అయ్యుంటదిలెండి," అని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు. అంతకంటే మంచి జవాబు నాకూ తట్టలేదు. ఆ తరువాత అడిగినవారందరికీ మొక్కనే చెప్పాము.

26వ తేదీ పున్నమి. మర్నాటి సాయంకాలం కోరంగి మడ అడవుల ప్రక్కనుంచి కాకినాడ చేరి, సముద్రం మీద చంద్రోదయం చూశాము. మీటరు సరిగ్గా 250 చూపిస్తున్నది. నాలుగు రోజులు, సగం దూరం. అమ్మాయి ఆనందానికి మేర లేదు. నాకు మాత్రం ఆ గుండ్రటి అంకెను చూస్తే కొంచెం దిగులు వేసింది.

కోస్తాలో ఈ కాలపు గాలి ఈశాన్యంనుంచి వీస్తుంది. మేము పోయేదీ ఈశాన్యానికే. ఇంతవరకు కొబ్బరితోటలూ ఊళ్ళూ అడ్డు ఉన్నాయి. కాకినాడనుంచి ఉప్పాడ వెళ్ళే తీరపు రోడ్డు మీద అడ్డేమున్నది? కుడిప్రక్కన సముద్రం, ఎదురుగా గాలి. ఈ సముద్రం ఉప్పాడను ఏళ్ళతరబడి కొరుక్కు తింటున్నది. తుపాను వచ్చినప్పుడల్లా ఈ రోడ్డుకూ దెబ్బ తగులుతుంది. గట్టున పోసిన రాళ్ళ మీద అల విరిగి, తుంపర మా మొహాలకు కొడుతున్నది. పళ్ళ మధ్య ఇసుక. గంటకు ఎనిమిది కిలోమీటర్లు గగనమైంది. ఎదురుగా చేపలబుట్ట కట్టుకుని వస్తున్నవాళ్ళు మాత్రం గాలిని వెనకేసుకుని, పెడలు తొక్కకుండానే సాగిపోతున్నారు. ఉప్పాడ చేరకముందు ఒక పంక్చరు, చేరాక ఒకటి, పిఠాపురం దారిలో మూడవది. మూడోసారి అమ్మాయి రోడ్డుప్రక్కన కూర్చుని మోకాలు పట్టుకున్నది. వాచింది.

ఆ సాయంత్రం పిఠాపురంలో ఆగాము. రోజు మొత్తానికి 34. అంటే మిగిలిన మూడు రోజులలో 216. రోజుకు డెబ్భై రెండు, ఎదురుగాలిలో, వాచిన మోకాలితో. సామర్లకోటలో రైలెక్కితే తెల్లవారేసరికి అమ్మ దగ్గర ఉండవచ్చును. ఆ మాటే చెప్పాను.

అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ, "అక్కడ జ్వరం వచ్చి మానేశాను. ఆ సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు, ఒంటరిగా ఉన్నానని బెంగపడుతుందని. ఇక్కడ నువ్వున్నావు కదా," అన్నది. సుమారు అయిదు వేల మైళ్ళ అవతల ఒక గదిలో పిల్ల జ్వరంతో పడుకుని, ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అన్న రోజు నాకు గుర్తుకొచ్చింది. ఇక రైలు మాట ఎత్తలేదు. తెల్లవారి మోకాలు వాపు తగ్గితేనే బయలుదేరడం, గాలికి ఎదురుగా నేనే ముందుండటం అన్న రెండు షరతులు మాత్రం పెట్టాను.

సైకిలు షాపతను ట్యూబులు మూడూ నీళ్ళ తొట్టిలో ముంచి చూసి, టైరులోనుంచి వెంట్రుకంత తీగముక్క ఒకటి పీకి చూపించాడు. పేలిన లారీ టైర్లలోని ఉక్కుతీగలట. హైవే అంచున రాలి ఉంటాయి. "తెల్లగీతకు మరీ అంచుకు పోకండి. అక్కడే ఉంటాయివి," అన్నాడు. అయిదు వందల సంగతి విని, "మా షాపుకొచ్చే పాలవాళ్ళు రోజూ నలభై తొక్కుతారండి. ఆదివారం కూడానూ," అన్నాడు. డబ్బు మాత్రం తక్కువ తీసుకోలేదు.

గాలితో ఒక సదుపాయం ఉన్నది. తెల్లవారుజామున అది మందగిస్తుంది. 29న వాపు చాలావరకు తీసింది. వెలుగు రాగానే కదిలి, పదకొండులోగా సగానికి పైగా తొక్కి, ఎండపూట విశ్రాంతి తీసుకుని, మళ్ళీ నాలుగింటికి కదిలాము. అన్నవరం కొండకు క్రిందినుంచే దణ్ణం పెట్టుకున్నాము. తుని దగ్గర తాండవ దాటి నక్కపల్లిలో ఆగాము. 72. మర్నాడు అనకాపల్లి ఊరు ఇంకా రాకముందే బెల్లం వాసన ఎదురొచ్చింది. ముక్క కొనుక్కుని జేబులో వేసుకుంటే విశాఖపట్నందాకా సరిపోయింది. 76. హైవే గురించి చెప్పదగిన మంచి ఏమీ లేదు. నున్నగా ఉంటుంది, అంతే. లారీ దాటినప్పుడల్లా మనిషిని ప్రక్కకు ఒక తోపు తోస్తుంది. సైకిలుకు వేరే దారి వేయాలన్న ఊహ ఆ రోడ్డు వేసినవారికి రాలేదు.

31న విశాఖనుంచి భీమిలి వరకు సముద్రపు ఒడ్డు. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, డచ్చివారి సమాధులు, గోస్తని మొగ. ఈ ప్రయాణమంతటిలో నేను మళ్ళీ వెళ్ళి తీరాలనుకునేది ఈ ఇరవై అయిదు కిలోమీటర్లే. తగరపువలసలో హైవే ఎక్కాము. పూసపాటిరేగ దాటాక, రణస్థలం ఇంకా రాకముందు, ఒక సరుగుడు తోట ప్రక్కన మీటరు 500 చూపింది. మధ్యాహ్నం పన్నెండున్నర. అమ్మాయి సైకిలు దిగి ఫోటో తీసుకున్నది. వెనకనుంచి సరుగుడు కట్టెలు వేసుకుని వస్తున్న ఒక ముసలాయన మా ప్రక్కన ఆగాడు.

"ఏటైనాది బాబూ, గాలి దిగిపోనాదా?"

లేదని, అయిదు వందల కిలోమీటర్లు పూర్తయినాయని అమ్మాయి చెప్పింది.

"ఏ ఊరెల్లాలి?"

"శ్రీకాకుళం."

"మరింకా ముప్పై ఉండిపోనాది కదమ్మా! పొద్దుగూకీలోగా ఎల్లిపోండి," అని తన దారిన పోయాడు.

నాలుగింటికి ఇల్లు చేరాము. మా ఆవిడ గుమ్మంలో ఉన్నది. మా అమ్మ లోపల వంటింట్లో ఉన్నది. మేము వాకిట్లోకి వచ్చి పిలిచేదాకా ఆవిడకు తెలియలేదు. మనవరాలి మొహం రెండు చేతులతో తడిమి, ఎంత నల్లబడిందో చూసి, తరువాత సైకిళ్ళ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఒరే, వీటికి బెల్లు ఏదిరా? చెప్పా పెట్టకుండా వాకిట్లోకి వచ్చేస్తే అన్నం ఎప్పుడు వండేది?"

తిరుగు ప్రయాణం రైలులో. సైకిళ్ళను ఆముదాలవలస స్టేషనులో పార్సెలు వేయించాము. అంతకుముందే శ్రీకాకుళం బజారులో రెండు బెల్లులు కొని బిగించాము. అమ్మాయి తన బెల్లు ఊడదీసుకుని లీడ్స్‌కు పట్టుకుపోయింది.