కమలశీలుని హత్య

తత్త్వసంగ్రహ పంజికను చూచినవారికి కమలశీలుని పేరు కొత్త కాదు. గురువైన శాంతరక్షితుని కారికలకు ఆయన వ్రాసిన ఆ వ్యాఖ్యను 1926లో బరోడా నుండి ఎంబార్ కృష్ణమాచార్యులవారు పరిష్కరించి ప్రకటించారు. కుమారిలునంతటివానిని పంక్తి పంక్తికీ నిలదీసిన ఆ తార్కికుడు టిబెట్టులో హత్యకు గురైనాడన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

8వ శతాబ్దిలో రాజు త్రిసొంగ్ దేచెన్ శాంతరక్షితుని రప్పించి సమ్యే విహారాన్ని కట్టించాడు. (మంచుదేశం కదా అని హిమంలో మునిగిన మఠాన్ని ఊహించుకోకండి. సమ్యే బ్రహ్మపుత్రా తీరాన, ఇసుకదిబ్బల నడుమ ఉన్నది. మంచంతా కనుమల మీదనే.) గురువు గతించిన పిదప అక్కడ ఒక వివాదం ముదిరింది. తలంపులన్నిటినీ విడిచిన క్షణంలోనే బోధ కలుగుతుందని చీనా భిక్షువు మొహెయన్ పక్షం. దానశీలాదులు, శాస్త్రవిచారం మెట్టుమెట్టుగా సాగవలెనని కమలశీలుని పక్షం. సుమారు 792-794 నడుమ రాజు వాదం ఏర్పాటు చేయించాడు. 14వ శతాబ్దివాడైన బుతోన్ వ్రాసిన చరిత్రలో భారతీయ పక్షమే గెలిచింది. తరువాత మొహెయన్ పంపిన నలుగురు చీనా కసాయివాండ్రు కమలశీలుని మూత్రపిండాలు పిసికి చంపారట!

ఒంటిమీద గాయం కనబడని చావు. రోగంతో పోయినవాని మరణానికైనా ఇటువంటి కారణం అంటగట్టడం ఎంత సులువో ఆలోచించండి. మరొక టిబెట్టు ఐతిహ్యంలోనైతే ఆయన చావనే లేదు. ఏనుగు కళేబరంలో పరకాయప్రవేశం చేసి తిరిగి వచ్చేసరికి ఆయన సుందరదేహాన్ని వేరొక సిద్ధుడు అపహరించాడు. దిక్కులేక ఆ సిద్ధుని వికృతదేహంలోనే చేరి పదంపా సంగ్యేగా ప్రసిద్ధుడైనాడని కథ. మన విక్రమార్కుని కథలు గుర్తుకు రాలేదూ?

ఇక ప్రతివాది వాఙ్మూలం. 1900లో తున్‌హువాంగ్ గుహలో మూతబడిన గది ఒకటి బయటపడింది. 1908లో పెలియో అక్కడినుండి పారిస్‌కు చేర్చిన ప్రతులలో మొహెయన్ పక్షపు చీనా గ్రంథం ఉన్నది. దమియేవిల్ 1952లో దానిని ఫ్రెంచిలోకి అనువదించాడు. అందులో రాజాజ్ఞ చీనా ధ్యానమార్గానికే అనుకూలం! గెలిచినవానికి ప్రతీకారమెందుకు? ఇదీ ఒక పక్షంవారి మాటే, కాదనను. కాని ఇది ఆ కాలపు మనుషులు వ్రాసినది. బుతోన్ కలం పట్టింది అయిదు వందల యేండ్ల తరువాత.

సంస్కృతం చదువుకున్నవాడిని గనుక నా మనసు కమలశీలుని వైపే మొగ్గుతుంది. అయినను విన్నదానిని యుక్తితో పరీక్షించి గాని స్వీకరించవద్దని భావనాక్రమంలో చెప్పినవాడు ఆయనే. ఆయన న్యాయం ప్రకారమే నేను మొహెయన్‌ను దోషి అనలేను.

టిబెట్టు మఠాలలో చామ్ అనే ముసుగు నాట్యం ఉన్నది. అందులో హషంగ్ అనే బొజ్జపాత్ర నవ్వుముఖంతో వస్తాడు; చుట్టూ పిల్లలు చేరి ఆటపట్టిస్తారు. వాదంలో ఓడిన భిక్షువు ఇతడేనని కొందరు చెబుతారు.