తిరగలి దించిన అవ్వ

“ఇన్ని మాత్రలు మింగినా బిడ్డకు రక్తం పట్టలేదే సామీ!”

పలమనేరు పక్క పల్లె నుంచి మనవరాలిని తీసుకొచ్చిన అవ్వ మాట ఇది. పద్నాలుగేళ్ల పిల్ల. ఈడుకు తగ్గ ఎత్తు లేదు, హిమోగ్లోబిన్ 7. రెండుసార్లు ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు రాసి పంపింది నేనే. ఏం తింటోందని మూడోసారి గానీ అడగలేదు. మదనపల్లె హాస్టల్లో పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ. సెలవులకు వచ్చి రాగి సంగటి తిన్నన్నాళ్లూ కడుపు నెమ్మదిస్తుందట.

టీటీజీ రక్తపరీక్షలో సీలియాక్ జబ్బు జాడ దొరికింది. ఎండోస్కోపీలో తీసిన ముక్క దాన్ని ఖాయం చేసింది. చిన్నపేగు గోడ మీద నూగులా ఉండాల్సిన పొర చదునైపోయింది. ఐరన్‌ను పీల్చుకునేది ఆ చోటే. ఇక మాత్రలు ఏం చేస్తాయి?

గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ తగిలినప్పుడల్లా ఒళ్లు తన పేగు మీదే తిరగబడటం ఈ జబ్బు. డీక్యూ2, డీక్యూ8 జన్యువులున్న వారిలో కొందరికే వస్తుంది. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆ జన్యువులు ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ ఇంచుమించు సమానంగానే కనిపించాయి. ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు మాత్రం అక్కడ వెయ్యిమందిలో 12 మందికి, ఇక్కడ ఒక్కరికి. గోధుమ వాడకం అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25. ఇప్పుడు పుంగనూరులోనూ కుప్పంలోనూ పరోటా, బన్ను, చపాతీ రోజువారీ తిండయ్యాయి. మందుకు లొంగని రక్తహీనత కనబడితే మా డాక్టర్లకు ఈ జబ్బు తట్టాలి. పరీక్షకు ముందే గోధుమ మాన్పిస్తే జబ్బు దొరక్కుండా పోతుంది.

కొత్త మందుల కోసం పరిశోధన సాగుతోంది. పేగులో గ్లూటెన్‌ను మరింత హానికరంగా మార్చే ఎంజైమును అడ్డుకునే జెడ్‌ఈడీ1227 మాత్ర, 2021లో వెలువడిన పరీక్షలో పేగుకు జరిగే నష్టాన్ని తగ్గించింది. ఆశలు రేపిన లారాజొటైడ్ మీద పరీక్షలను 2022లో ఆపేశారు. ఇవాళ నేను రాయగలిగిన మందు పథ్యమొక్కటే, అదీ జీవితాంతం.

పిల్లను ఇంటికి తెచ్చుకొని గోధుమ మాన్పించారు. కొంత తేరుకుంది, మళ్లీ ఆగిపోయింది. వంటింట్లో ఏమేం వాడుతున్నారో ఒక్కొక్కటే అడిగాను. ఇంగువ డబ్బా మీద మైదా అని రాసుంది. రాగులు ఆడించే మిల్లులో అంతకుముందు ఆడించేది గోధుమలు.

“అయితే మిల్లు మాట వద్దులే సామీ” అంది అవ్వ.

అటక మీది తిరగలి దించి, రాగులు ఇంట్లోనే విసరడం మొదలుపెట్టింది. ఆరు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది.