నా పోస్టు చదివి మందు కొట్టిన మా బాబాయి చేను

ఈరోజు పంట గురించి కాదు, పంట గురించి రాసే మన గురించి. నాలాగే నాలుగైదేళ్లుగా పొలం సంగతులు పెద్ద పెద్ద పోస్టులుగా రాసేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఇది మీకోసమే. కొత్తగా రాసేవాడు భయపడుతూ రాస్తాడు, రెండుసార్లు చూసుకుంటాడు. చేయి తిరిగినోళ్లమే తప్పు చేస్తాం. నేను చేశాను.

రెండేళ్ల కిందట మిరపలో పైముడత మీద ఒక పోస్టు పెట్టా. తామర పురుగు మొదట్లోనే కనబడితే వేపనూనె లీటరు నీళ్లకు 5 మి.లీ. కలిపి కొట్టండి అని రాశా. నేను వాడేది 1500 పిపిఎం. ఆ ముక్క రాయలేదు. నాకు తెలుసు కదా, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నా. మా ఊళ్లో నాకు బాబాయి వరసయ్యే ఒకాయన అది చదివి షాపుకెళ్లి వేపనూనె అడిగితే 10000 పిపిఎం డబ్బా ఇచ్చారు. అది లీటరుకు 1 మి.లీ. వేస్తే సరిపోయేది. ఆయన నా లెక్క ప్రకారం 20 లీటర్ల ట్యాంకుకు 100 మి.లీ. పోశాడు. అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో. అర ఎకరం చేను, ఐదు ట్యాంకులు. మూడో రోజుకి లేతాకులన్నీ అంచులు మాడిపోయినయ్.

ఆయన నన్ను ఒక్క మాట అనలా. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ఫోన్ తీసి నా పోస్టు నాకే చూపించి, "నువ్వు రాసినట్టే చేశా గదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది. చేను మెల్లగా తేరుకుంది గానీ పూత పదిహేను రోజులు వెనకబడింది. మందు డబ్బులు నేనిస్తానంటే తీసుకోలేదు.

అప్పట్నుంచి మందు పేరు రాయాలంటే ముందు డబ్బా తెచ్చి ఎదురుగా పెట్టుకుంటున్నా. పైన పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, దాని పక్కన ఉండే అంకె, రెండూ రాయాలి. మనం "ఇమిడా కొట్టండి" అని రాసేస్తాం. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. ఉంది, 70 డబ్ల్యూ.జి. ఉంది. ఒకటి ద్రవం, ఒకటి గుళిక, రెంటికీ డోసు వేరు. చదివేవాడికి ఏది దొరుకుతుందో మనకేం తెలుసు? లీటరుకా, ఎకరానికా అన్నది కూడా విడమరిచి చెప్పండి. "రెండు మూతలు పోయండి" అని మాత్రం దయచేసి రాయకండి. ఏ డబ్బా మూత అన్నా అది?

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. జాగ్రత్తలు పోస్టు చివర రాస్తే ఎవరూ చదవరు. ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టుకి మొదటి కొన్ని లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెరిచినవాడు కూడా డోసు దాకా చూసి పొలానికి పోతాడు. "ఎండలో కొట్టొద్దు" అన్నది నేను ఆ పోస్టులో రాశాను, చివరి పేరాలో. బాబాయి అంతదాకా రాలేదు. తప్పు ఆయనది కాదు. డోసు ఉన్న వాక్యం పక్కనే జాగ్రత్త కూడా ఉండాలి.

తేదీ, ఊరు, నేల, రకం కూడా పోస్టు లోపలే రాయండి. ఫేస్‌బుక్ తేదీ చూపిస్తుంది కదా అంటారేమో. మన రాత కాపీ అయ్యి వాట్సాప్‌లోకి వెళ్లాక తేదీ ఉండదు, మన పేరూ ఉండదు. మా ఊరి గ్రూపులో పోయిన ఏడు వంగకు మోనోక్రోటోఫాస్ కొట్టమని ఒక మెసేజ్ తిరిగింది. కూరగాయల మీద అది వాడకూడదని 2005 నుంచే ఉంది. ఎవరు ఎప్పుడు రాశారో తెలియదు, చూడబోతే నిన్న రాసినట్టే ఉంది. ధరలూ అంతే. "మిర్చి రేటు పెరిగింది" అంటే గుంటూరు యార్డా, ఖమ్మం యార్డా? తేజానా, 341నా? ఏ రోజుది?

ఫోటో మన చేలోదే పెట్టండి, ఆకు రెండు వైపులా తీసి. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. మందులు వేరు. నెట్‌లో దొరికిన అందమైన ఫోటో పెడితే చదివేవాడు తన చేను ముడతని దాంతో పోల్చుకుంటాడు. స్వయంగా కొట్టి చూసినదానికి "నేను కొట్టాను" అని రాయండి. విన్నదైతే విన్నాననే రాయండి. అందులో చిన్నతనమేం లేదు.

తప్పు దొర్లితే పోస్టు తీసేయకండి. నాకూ మొదట తీసేద్దామనే అనిపించింది, పరువు సంగతి మరి. కానీ తీసేస్తే అప్పటికే చదివినవాడికి తప్పు అని తెలియదు. తేదీ వేసి పైనే సవరణ రాశా. బాబాయి సంగతి కూడా రాశా, ఆయన్ని అడిగే. నలభై మంది దాకా ఫోన్ చేశారు, అందులో ముగ్గురు 10000 పిపిఎం కొనిపెట్టుకున్నోళ్లే.

అయినా పాత కాపీ ఇంకా తిరుగుతానే ఉంది. పోయిన నెల మా బావమరిది ఖమ్మం నుంచి నాకే పంపాడు, నా పేరు లేకుండా, కింద "అందరికీ షేర్ చేయండి" అని తగిలించి. ఏ గ్రూపులో వచ్చిందో కనుక్కుని అందులో చేరి, ఇది నేను రాసిందే, ఇందులో పిపిఎం లేదు, వాడొద్దు అని పెట్టా. "చెప్పడానికి నువ్వెవరు?" అన్నాడొకాయన.

అందుకని ఇక్కడ మళ్లీ రాస్తున్నా. వేపనూనె 1500 పిపిఎం అయితే లీటరు నీళ్లకు 5 మి.లీ., 10000 పిపిఎం అయితే 1 మి.లీ., సాయంత్రం చల్లబడ్డాకే. కాపీ చేసుకునేవాళ్లు ఈ లైన్ మొత్తం చేసుకోండి, సగం వద్దు.