అలవాటైన లెక్క

1942లో అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన కూజాల లెక్కలు నన్ను వదలవు. 21, 127, 3 కొలతల కూజాలతో సరిగ్గా 100 కొలతల నీళ్లు తేవాలి. పెద్ద కూజా నింపి, అందులోంచి 21 కూజాను ఒకసారి, 3 కూజాను రెండుసార్లు నింపి తీసేస్తే 100 మిగులుతుంది. ఇలాంటివే వరసగా కొన్ని చేయించాక, 23, 49, 3 కూజాలిచ్చి 20 తెమ్మన్నాడు. 23లోంచి 3 తీస్తే చాలు. అయినా చాలామంది పాత పొడుగు దారే పట్టారు. ముందు లెక్కలు చేయనివాళ్లకు దగ్గరి దారి ఇట్టే కనిపించింది.

నన్ను కలవరపెట్టేది ఒకటే: ఆ పాత పద్ధతి తప్పు కాదు. జవాబు సరిగ్గానే వస్తుంది. ఎక్కడైనా బెడిసికొడితే ఆగి ఆలోచిస్తాం. పని జరిగిపోతుంటే ఇంకో దారి వెతకాలని ఎవరికి తోస్తుంది?

మన పిల్లల చేత ఒకే నమూనా లెక్కలు వందలకొద్దీ చేయించి, ఆ వేగాన్నే తెలివి అనుకుంటున్నాం. సాధన అక్కర్లేదనను. కానీ ఆ లెక్కల మధ్య పద్ధతి మారేవి కూడా ఉండాలి. 'ఇంకోలా చేయొచ్చా?' అని అడిగిన పిల్లని సిలబస్ అవ్వదని కూర్చోబెట్టకూడదు. ఆ ప్రశ్నకు వెచ్చించిన పది నిమిషాలు ఏ పాఠానికీ నష్టం కాదు.