వెంటిలేటర్ మీద ఒక రాత్రి

రూపాంతర ఆదివారం ఆరాధనలో కూర్చున్నప్పటికే నా అరికాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. మా లూథరన్ సంఘంలో శ్రమదినాలకు ముందు వచ్చే ఆదివారం అది. సోమవారం మెట్లు ఎక్కలేకపోయాను. మంగళవారం మంచినీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను. ఆ సాయంత్రమే గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారు.

జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత నరాల మీదే దాడి చేస్తుంది. చాలామందికి పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. డాక్టరు గారు ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూశారు. రాత్రి ఇరవై దాటాను. తెల్లారేసరికి పదకొండు దగ్గర ఆగిపోయాను. పక్కన మావారి పెదాలు కూడా నాతోపాటు కదులుతున్నాయి. పదకొండు దగ్గర అవీ ఆగాయి. బుధవారం గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

ఈ జబ్బులో తెలివి పోదు. అన్నీ వినబడతాయి. ఈగ వాలితే తోలుకోలేం. ఆయమ్మ నన్ను పక్కకు తిప్పి శుభ్రం చేస్తుంటే సిగ్గుతో కళ్లు మూసుకునేదాన్ని. ప్రార్థన రాలేదు. ఏళ్ల తరబడి సండే స్కూల్లో పిల్లలకు ప్రార్థన నేర్పినదాన్ని. ‘యేసయ్యా’ తర్వాత ఇంకో మాట తోచలేదు.

మా వదిన చీరల పెట్టె అట్ట చించి దాహం, నొప్పి, దురద, కఫం అని రాసి తెచ్చింది. ఒక్కో మాట మీద వేలు పెడుతుంది, కావాల్సిన చోట నేను రెప్ప వేయాలి. నాకు కావాల్సిన మాట అందులో లేదు. అక్షరం అక్షరం అడిగి రాబట్టి, చివర్న ‘భయం’ అని తనే రాసింది.

ఆ వారం చివర్లో ఒక రాత్రి మిషను నుంచి గొట్టం ఊడింది. మిషను మోగింది. గాలి లేదు. నైట్ డ్యూటీ సిస్టర్ పరుగున వచ్చి తగిలించి, నా నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

ఆమె వెళ్లాక జరిగింది ఎలా చెప్పాలో తెలియదు. వెలుగు కనబడలేదు, స్వరం వినబడలేదు. ఆ మిషను కంటే, నా చావు కంటే గొప్పవాడు అక్కడ ఉన్నాడని తెలిసింది. కళ్లు మూసుకున్నా పక్కన మనిషి ఉంటే తెలుస్తుంది కదా, అలా. ఆయన ముందు నేను ఎంత చిన్నదాన్నో తెలిసింది. ఆ చిన్నతనానికి సిగ్గు వేయలేదు. కాసేపే. తర్వాత మామూలు ఐసీయూ.

పొద్దున కాళ్లు కదల్లేదు. భయం మళ్లీ వచ్చింది. అప్పుడు పేతురు గుర్తొచ్చాడు. తాను శ్రమపడి చనిపోతానని యేసు చెప్పిన ఆరు రోజులకే పేతురుతో కలిపి ముగ్గురిని కొండ ఎక్కించి, వాళ్ల ముందు మహిమతో రూపాంతరం చెందాడని మత్తయి రాశాడు. ఆ మహిమ చూసిన పేతురే తర్వాత ఆయనెవరో తెలియదన్నాడు. అయినా తన చావు దగ్గరపడిందని రాసిన రెండో పత్రికలో ఆ కొండనే తలుచుకున్నాడు. చూసింది అతణ్ణి పడకుండా ఆపలేదు, కానీ అతనితోనే ఉండిపోయింది. నాకు దొరికింది కూడా అంతే. భయం వేసిన ప్రతిసారీ ఆ రాత్రిని తలుచుకున్నాను. భయం పోలేదు, కానీ నేను విశ్వాసం వదల్లేదు.

ఇమ్యునోగ్లోబులిన్ అయిదు రోజులు ఎక్కించారు. అది వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారట. వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకు, ఆ సిస్టర్‌కు, విసుక్కోకుండా నన్ను కడిగిన ఆయమ్మకు, మా వదినకు, ఐసీయూ బయట వంతులవారీగా పడుకున్న సంఘం యూత్ పిల్లలకు నేను రుణపడి ఉన్నాను. నెలల తరబడి ఫిజియోథెరపీ జరిగింది. ఇప్పుడు వాకర్‌తో గుడికి వెళ్తున్నాను. ఎడమ పాదం ఇంకా ఈడుస్తోంది.

మీకు రెండు కాళ్లలో తిమ్మిరి మొదలై పైకి వస్తుంటే, పట్టు తప్పుతుంటే, స్వస్థత ప్రార్థన కోసం ఆదివారం దాకా ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, దారిలో ప్రార్థించుకోండి. మీవాళ్లు ఈ జబ్బుతో వెంటిలేటర్ మీద ఉంటే, వాళ్ల మంచం దగ్గర వాళ్ల గురించి ఏడుస్తూ మాట్లాడకండి. వాళ్లతో మాట్లాడండి, వాక్యం చదివి వినిపించండి. అట్ట మీద ‘భయం’ అని కూడా రాయండి.